పదకొండు ఒకట్లు విరిగిన రోజు

మొన్న ఎల్బీనగర్ చౌరస్తాలో బస్సెక్కి ఇలా నిలబడ్డానో లేదో, టక్ టక్ టక్‌మని చప్పుడు. కొత్త కండక్టరమ్మ పెన్నుతో ఇనుప కడ్డీ మీద కొడుతూ "లోపల్కి జరగుండ్రమ్మా, జర లోపల్కి!" అంటోంది. ఆ చప్పుడు వింటే చాలు, నా చేయి దానంతటదే టికెట్ కోసం చాస్తుంది. మిషను కిర్రుమంటూ ఆడవాళ్ళకిచ్చే ఉచిత జీరో టికెట్ ఒకటి ఇచ్చింది. దాన్ని పర్సులో పడేయకుండా, దాని మీది నంబరు చదివాను. చివర అయిదు లేదు. అంకెలు కూడితే మూడుతో శేషం లేకుండా పోవడం లేదు. ఏడుతో చూస్తున్నాను, పదమూడుతో చూస్తున్నాను, అలా చూస్తూ చూస్తూ ఇంజాపూర్ దాటిపోయాను. పక్క సీటావిడ నా పెదవులు కదలడం చూసి ఏదో స్తోత్రం చదువుకుంటున్నాననుకుని దణ్ణం పెడుతున్నట్టు తల వంచింది. నేను తుర్కయంజాల్ దగ్గర ఒక ప్రభుత్వ బడిలో లెక్కల టీచర్ని. నాకు ఈ జబ్బు అంటించిన మనిషి ఇప్పుడు లేదు. ఆమె పేరు అండాలు. సిటీ బస్సు కండక్టరు.

సరూర్‌నగర్ చెరువుకు అవతల ఒక గల్లీలో మేము కిరాయికుండేవాళ్ళం. మా నాన్న పండ్ల మార్కెట్లో హమాలీ. మా పక్క పోర్షన్ అండాలు చిన్నమ్మది. చుట్టరికమేం లేదు. ఆమెదీ నల్లగొండ జిల్లానే, మా అమ్మ ఆమెను చెల్లె అనేది, నాకు చిన్నమ్మయింది. పైన ఇంటి ఓనరు సుబ్బలక్ష్మి గారు. వాళ్ళది గుంటూరు వైపు. నలభై అయిదేళ్ళ చిన్నమ్మ ఖాకీ చొక్కా చీర మీద వేసుకుని, సంచి భుజాన తగిలించుకుని పొద్దున్నే వెళ్ళిపోయేది. ఆమె బస్సులో నేనెక్కితే మాత్రం నా ప్రాణం తీసేది. అప్పట్లో ఇంకా కాగితం టికెట్లే. టికెట్ చింపి ఇస్తూ, దిల్‌సుఖ్‌నగర్ స్టాపులో వందమంది తోసుకుంటూ ఎక్కుతుంటే, నా చెవి దగ్గరకు వంగి అడిగేది.

"నాలుగు లక్షల మూడు వేల నూట డెబ్బై రెండు. ఏడుతోని పోతదా, పోదా? నువ్వు దిగేలోపు చెప్పాలె."

"ఎందుకు చిన్నమ్మా నాకీ గొడవ?"

"యాభై ఏడు వేల అయిదు వందల తొంభై ఆరు సార్లు పోతది. ఇగ దిగు, స్టాపొచ్చింది."

నాకు ఒళ్ళు మండిపోయేది. ఎందుకంటే ఆ సంవత్సరం నేను ఇంటర్ లెక్కల్లో తప్పాను. మార్చిలో తప్పాను, సప్లిమెంటరీలో మళ్ళీ తప్పాను. రెండోసారి ఫలితం చూసి మా నాన్న తిట్టలేదు. తిట్టినా బాగుండేది. అన్నం ముందు కూర్చుని, "పోనీ తియ్యిరా బిడ్డా. దసరా పోయినంక దిల్‌సుఖ్‌నగర్ల బట్టల షాపుల పెడ్త. నాకు ఎర్కైనాయన ఉన్నడు" అన్నాడు. ఆ తర్వాత ఒక మాట చేర్చాడు. "నాకు వస్తది నాయినా అని నువ్వు ఒక్కసారి చెప్పు, అప్పో సప్పో చేసి ఇంకోపాలి రాపిస్త. చెప్తవా?" నేను చెప్పలేకపోయాను. అన్నం కలుపుతూ కూర్చున్నాను. అబద్ధమైనా చెప్పొచ్చు కదా అని మీరనుకోవచ్చు. ఆయన ముఖం చూస్తూ అబద్ధం చెప్పడం మా ఇంట్లో ఎవరికీ చేతనయ్యేది కాదు.

అంతలో సమ్మె వచ్చింది. తెలంగాణ కోసం అందరితో పాటు బస్సుల వాళ్ళూ పని ఆపేశారు. ఎప్పుడూ హారన్లతో చెవులు పగలగొట్టే మా రోడ్డు మీద వంటా వార్పూ, ఆటపాటా మొదలయ్యాయి. చిన్నమ్మ పొద్దున డిపో ముందు టెంటులో కూర్చునేది, పాటలకు కోరస్ ఇచ్చేది, మధ్యాహ్నానికి ఇంటికొచ్చేది. ఇరవై ఏళ్ళ సర్వీసులో మధ్యాహ్నం పూట ఇంట్లో ఉండటం అదే మొదలు. మూడో రోజుకే ఆమెకు చేతులు దురద పుట్టాయి. డాబా మీద బట్టలారేస్తున్న నా దగ్గరకొచ్చి, సుద్దముక్కతో పిట్టగోడ మీద వరుసగా ఒకట్లు గీసింది. పదకొండు ఒకట్లు.

11111111111

"చదువు" అంది.

"వెయ్యిన్నూట పదకొండు కోట్ల పదకొండు లక్షల పదకొండు వేల నూట పదకొండు."

"గిది విరుగుతదా, విరగదా? అంటే ఏ నంబరుతోనన్న పోతదా? ముప్పై ఏండ్ల సంది నా కడుపుల ఉన్న లెక్క ఇది."

కథ చెప్పింది. ఆమె పదో తరగతిలో ఉండగా సారు, పదకొండు ఏ నంబరుతోనూ విరగదు కాబట్టి పదకొండు ఒకట్లు పక్కపక్కన రాసినా విరగదని చెప్పాడట. ఈమె ఊరుకోవచ్చు కదా! లేచి, "మూడు కూడ విరగదు గద సార్, మరి మూడు ఒకట్లు ముప్పై ఏడు మూళ్ళు అయితున్నయి గద" అందట. సారు బయట నిలబెట్టాడు. బయట నిలబడి, గోడ మీద బొగ్గుతో అయిదు ఒకట్లు విరగ్గొట్టిందట. నలభై ఒకటి ఇంటూ రెండు వందల డెబ్బై ఒకటి. తర్వాత వారం ఏడు ఒకట్లు కూడా. రెండు వందల ముప్పై తొమ్మిది ఇంటూ నాలుగు వేల ఆరు వందల నలభై తొమ్మిది. పదకొండు ఒకట్ల దగ్గరికి వచ్చేసరికి పెళ్ళయింది. తర్వాత పిల్లలు, తర్వాత డ్యూటీ.

"ఇప్పుడు అసలు ముచ్చట విను" అని నా చేతిలో తడి చీర లాగి తీగ మీద పడేసింది. ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. "అయిదు ఒకట్లను విరగ్గొట్టినయి ఏవి? నలభై ఒకటి, రెండు వందల డెబ్బై ఒకటి. ఒక్కోదాంట్ల ఒకటి తీసెయ్."

"నలభై. రెండు వందల డెబ్బై."

"రెండూ పదితోని పోతయి. అయిదు రెండ్ల పది. ఏడు ఒకట్లయి చూడు. ఒకటి తీసేస్తే రెండు వందల ముప్పై ఎనిమిది, నాలుగు వేల ఆరు వందల నలభై ఎనిమిది. రెండూ పద్నాలుగుతోని పోతయి. ఏడు రెండ్ల పద్నాలుగు."

నేను గోడ మీద భాగించి చూశాను. పోయాయి! పదిహేడు సార్లు ఒకటి, మూడు వందల ముప్పై రెండు సార్లు ఒకటి. సుద్దముక్క పట్టుకుని ఆమె వైపు తిరిగాను. "అంటే పదకొండు ఒకట్లకు..."

"ఇరవై రెండు! విరగ్గొట్టేది ఏదైనా సరే, ఇరవై రెండుల మీద ఒకటి ఎక్కువ ఉండాలె. అన్ని నంబర్లతోని పాకులాడుడు అక్కర్లేదే పిల్లా. ఇరవై మూడు, నలభై అయిదు, అరవై ఏడు, ఎనభై తొమ్మిది, గట్ల పోతే చాలు. ఎందుకట్ల అని మాత్రం అడగకు, నాకు ఎర్కలేదు. మూడు ఒకట్ల కాడ మూడు ఎందుకో ఈ మాట వినదు. గది నన్ను ఇప్పటికీ సతాయిస్తది."

ఆ క్షణంలో నోరు జారాను. "చిన్నమ్మా, ఇది విరిగితే నేను పరీక్ష రాస్త. విరగకపోతే షాపుకు పోత" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. బహుశా తప్పు నా మీద కాకుండా నంబరు మీదికి తోసేయాలనుకున్నానేమో. చిన్నమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "విరగదని తేలినా గది తెలుసుకున్నట్టే గదనే. కానీ గట్ల తేల్చాలంటే రెండు ముక్కలల్ల చిన్నదాని కోసం లక్ష దాటిందాక పోవాలె. సమ్మె అన్ని దినాలు ఉండది. బస్సులు నడిస్తే నాకు ఊపిరి ఆడది. సరే, కానియ్."

అలా మొదలుపెట్టాం. పంచుకున్న పని ఇదీ. ఇరవై రెండు కూడుతూ జాబితా రాయడం నా పని. అయిదుతో, మూడుతో, ఏడుతో, పదమూడుతో పదకొండు ఒకట్లు ఎలాగూ పోవు కాబట్టి, వాటితో పోయేవాటిని కొట్టేసి, మిగిలినవాటితో పదకొండు ఒకట్లను భాగించడం ఇద్దరి పని. సుబ్బలక్ష్మి గారు పాత క్యాలెండర్లన్నీ ఇచ్చేశారు, వెనక తెల్లగా ఉంటాయి కదా అని. "ఏంటమ్మా ఇది, పొద్దస్తమానం భాగాహారాలేనా? బియ్యంలో రాళ్ళేరినట్టు ఏరుతున్నారే!" అని నవ్వేవారు. చిన్నమ్మ టెంటుకు కూడా క్యాలెండర్లు చుట్టి పట్టుకెళ్ళేది. అక్కడ ఉపన్యాసాలు నడుస్తుంటే ఈమె శేషాలు రాసుకునేది. బతుకమ్మ ఆడి చెమటతో వచ్చి, "మూడు వేల ముప్పై ఏడు, పోలే!" అని గుమ్మంలోంచే అరిచేది. నాకు నవ్వొచ్చేది, ఉత్సాహమొచ్చేది, నిద్రలో కూడా ఇరవై రెండులు కూడేదాన్ని. లెక్కలంటే వణికే నేను రోజుకు పన్నెండు పదిహేను పెద్ద భాగాహారాలు చేస్తున్నానన్న సంగతి నాకే తట్టలేదు.

ఒక్క నియమం మాత్రం ఆమె కచ్చితంగా పెట్టింది. కండక్టర్లు ప్రతి స్టేజి దగ్గరా, ఏ నంబరు టికెట్ దాకా ఇచ్చామో కాగితం మీద రాసి గీత కొట్టాలి. దాన్ని స్టేజి మూయడం అనేది ఆమె. మూయకుండా ముందుకుపోతే, లెక్క ఎక్కడ తప్పిందో తర్వాత దేవుడికి కూడా తెలియదు. అలాగే జాబితాలో ప్రతి వంద నంబర్లకూ ఒకసారి మూయాలి. వందోది రెండు వేల రెండు వందల ఒకటి కావాలి, రెండు వందలవది నాలుగు వేల నాలుగు వందల ఒకటి. సరిపోతే కింద గీత కొట్టాలి. నేను నాలుగు వందలవ నంబరు దాకా బుద్ధిగా మూశాను. ఎనిమిది వేల ఎనిమిది వందల ఒకటి, సరిపోయింది, గీత. ఆ తర్వాత నాకు చాదస్తంగా తోచింది. ఇరవై రెండు కూడటమే కదా, దానికింత హంగామా దేనికి? మూయడం మానేశాను. ఆమె అడిగితే "మూసిన చిన్నమ్మా" అన్నాను.

దసరా అయిపోయింది. పదిహేను వేలు దాటాం. ఒక మధ్యాహ్నం ఎందుకో ఒక నంబరులోంచి ఒకటి తీసేసి ఇరవై రెండుతో భాగించాను. పన్నెండు మిగిలింది. ఇంకోటి చూశాను. పన్నెండే. వెనక్కి, వెనక్కి, వెనక్కి వెళ్ళాను. ఎనిమిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిదికి ఇరవై రెండు కూడినప్పుడు ఒక్క ఒకటి మోయడం మర్చిపోయి, 9021 రాయాల్సిన చోట 9011 రాశాను. అక్కడి నుంచి రాసిన ప్రతి నంబరూ తప్పే. ఆమె టెంటులో కూర్చుని, ఎండలో, చేతులు నొప్పి పుట్టేలా భాగించినవన్నీ వృథా. ఇవాళో రేపో సమ్మె ఆగిపోతుందని అందరూ అనుకుంటున్నారు.

చెప్పలేదు. సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నాను, రెండు రోజులు చెప్పలేదు. తప్పని తెలిసిన నంబర్లతో ఆమె పక్కన కూర్చుని భాగించాను. ఆమె "పోలే" అన్నప్పుడల్లా నేనూ "పోలే" అన్నాను. నంబరు విరగలేదు కాబట్టి షాపుకు పోతానని చెప్పేస్తే గొడవ వదులుతుంది, ఎవరికీ తెలియదు. మూడో రోజు ఆమె వేళ్ళకు జండూబామ్ రాసుకుంటూ, "ఇగ దొరుకుతది బిడ్డా, నాకు అనిపిస్తుంది" అంది. అంతే, నాకు ఏడుపాగలేదు. జాబితా ఆమె ఒళ్ళో పెట్టి, 9011 మీద వేలుంచాను. "నేను మూయలే చిన్నమ్మా. మూసిన అని అబద్ధం చెప్పిన."

ఆమె కాగితం చేతిలోకి తీసుకుంది. ఇప్పుడు నన్ను బయట నిలబెడుతుందనుకున్నాను. ముక్కు చీదుకుంటున్న నన్ను చూసి, "ఏడువకు. ఆఖరుకు మూసిన స్టేజి ఏది?" అంది.

"ఎనిమిది వేల ఎనిమిది వందల ఒకటి."

"గక్కడికి పోదాం పా. మొత్తానికి మొదట్నుంచి గాదు గద! నాలుగు స్టేజీలు నువ్వు మూసినవు గాబట్టి బచాయించినం." కొంగుతో నా ముఖం తుడిచి, కాస్త గట్టిగానే నెత్తి మీద మొట్టింది. "తప్పు అందరికైతది. నాకూ అయితది. మూసిన అని చెప్పినవు చూడు, గది మళ్ళ చెయ్యకు."

ఇక ఆ తర్వాత ఇద్దరం పిచ్చెక్కినట్టు పనిచేశాం. సుబ్బలక్ష్మి గారు మూడో మనిషిగా చేరిపోయారు. "నాకు భాగాహారం బాగా వచ్చు, మా నాన్నగారు నేర్పించారు" అని కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నారు. ప్రతి వందకూ స్టేజి మూశాను, మూసి ఇద్దరికీ చూపించాను. పదకొండు వేల ఒకటి, గీత. పదమూడు వేల రెండు వందల ఒకటి, గీత. పందొమ్మిది వేల ఎనిమిది వందల ఒకటి, గీత. ఆ రోజు సాయంత్రం వార్త వచ్చింది, తెల్లారి నుంచి బస్సులు నడుస్తాయని. చిన్నమ్మ ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా తీగకు వేలాడుతోంది. నేను దాని వంక చూడకుండా భాగిస్తున్నాను.

21649.

పదకొండు ఒకట్లలో మొదటి ఆరింటిలో అయిదు సార్లు. తర్వాత ఒకసారి. తర్వాత మూడు. రెండు. మూడు. చివరి ఒకటి దించుకుంటే మిగిలినది లక్షా తొంభై నాలుగు వేల ఎనిమిది వందల నలభై ఒకటి. తొమ్మిది సార్లు వేస్తే... లక్షా తొంభై నాలుగు వేల ఎనిమిది వందల నలభై ఒకటి. కింద సున్నా.

"చిన్నమ్మా" అన్నాను. "చిన్నమ్మా, పోయింది."

"పోలేదా?"

"పోయింది! పోయింది చిన్నమ్మా, సున్నా!"

ఆమె నమ్మలేదు. నమ్మే మనిషి కాదు. పిట్టగోడ మీద సుద్దముక్కతో గుణకారం వేసింది. 513239 ఇంటూ 21649. అయిదు వరుసలు రాసి, కుడి చివర నుంచి కూడటం మొదలుపెట్టింది. ఒకటి. పక్కది కూడింది, పదకొండు, ఒకటి వేసి ఒకటి మోసింది. మళ్ళీ ఒకటి. సుబ్బలక్ష్మి గారు చిన్నపిల్లలా చప్పట్లు కొడుతూ "ఇంకో ఒకటి! అమ్మో, ఇంకో ఒకటి!" అని కేకలు. ఆరు, ఏడు, ఎనిమిది. కింద గల్లీలో పిల్లలు ఆట ఆపి పైకి చూస్తున్నారు. పదకొండో ఒకటి రాసి చిన్నమ్మ సుద్దముక్క కింద పడేసి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని ఆ గోడ ముందు నిలబడిపోయింది. ఆమె కళ్ళలో నీళ్ళు చూడటం అదే మొదటిసారి. "సార్, విరిగింది సార్" అంది మెల్లగా, అక్కడ లేని ఆ సారుతో.

కాస్త తేరుకుని, "మరి ఈ అయిదు లక్షల పదమూడు వేల రెండు వందల ముప్పై తొమ్మిది? ఇది మళ్ళ విరుగుతదేమో చూడాలె. రేపటి సంది డ్యూటీ, ఎట్ల?" అని నుదురు రుద్దుకుంది.

నేను దాని వంక చూశాను. చూస్తుండగా నా తలలో ఏదో తలుపు తెరుచుకుంది. "అక్కర్లేదు చిన్నమ్మా!" అన్నాను. "దీన్ని విరగ్గొట్టేది మన పదకొండు ఒకట్లను కూడ విరగ్గొట్టాలె గద? ఇది రెండు ముక్కలైతే చిన్న ముక్క ఏడు వందల ఇరవై లోపే ఉండాలె, రెండూ అంతకు మించితే గుణకారం దీన్ని దాటిపోతది. గవన్నీ మనం మొదటి స్టేజిలనే చూసినం! ఒక్కటి గూడ పోలే. ఇది విరగది. ఇగ చూసేదే లేదు!"

చిన్నమ్మ నా గడ్డం పట్టుకుంది. "గిది ఎవ్వలు చెప్పిండ్రే నీకు?"

"ఎవ్వలు చెప్పలే."

"గిప్పుడు చెప్పు. లెక్కలు వస్తయా, రావా?"

మెట్లు రెండేసి దిగి మా గదిలోకి పరుగెత్తాను. నాన్న కండువా దులుపుతున్నాడు. "నాకు వస్తది నాయినా" అన్నాను. ఆయన ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. "అయితే రాయి" అన్నాడు.

రాశాను. పాసయ్యాను, డిగ్రీ చేశాను, పీజీలో చేరాను. ఒకరోజు క్లాసులో మేడం బోర్డు మీద ఒక సిద్ధాంతం రాస్తుంటే నేను గట్టిగా నవ్వేశాను. మేడం కోప్పడింది కూడా. చిన్నమ్మ ఇరవై రెండు అక్కడుంది! క్లాసు కాగానే దిల్‌సుఖ్‌నగర్ స్టాపులో ఆమె బస్సు కోసం గంటసేపు నిలబడ్డాను. కిక్కిరిసిన బస్సులో, కడ్డీ పట్టుకుని, ఆమె చెవిలో అరుస్తూ చెప్పాను. పదితో గుణిస్తూ పోతే శేషాలు బస్సులా రౌండు కొడతాయని, ఒకటి దగ్గర బయల్దేరి పదకొండు అడుగులకు మళ్ళీ ఒకటి దగ్గరికే వస్తాయని. ప్రధాన సంఖ్య అయిన భాజకంలోంచి ఒకటి తీసేసినన్ని అడుగులకు కూడా ఒకటి దగ్గరికే రావాలని ఎప్పుడో రుజువైందని. "అంటే అవన్నీ పూర్తి ట్రిప్పులే కావాలె చిన్నమ్మా, పదకొండు పదకొండుగా! పైగా ఒకటి తీసేస్తే వచ్చేది సరి సంఖ్య, గందుకే ఇరవై రెండు!"

"మరి మూడో?" అంది వెంటనే. ఆ మూడును ఆమె మర్చిపోలేదు.

"పదిని మూడుతో భాగిస్తే మిగిలేది ఒకటే గద. మూడు కాడ బస్సు డిపోలకెల్లి కదల్నే లేదు!"

ఆమె కడ్డీ మీద టకటకా కొట్టి, బస్సంతా వినేలా నవ్వింది. చైతన్యపురిలో దిగాల్సిన వాళ్ళు టికెట్, టికెట్ అని అరుస్తున్నారు. "అంటే ఎన్నటికీ తప్పదన్నట్టు?" అని అడిగింది. ఎన్నటికీ తప్పదన్నాను. "మంచిది బిడ్డా" అని, ఒక టికెట్ చింపి నా చేతిలో పెట్టి, ముందుకు జరిగిపోయింది.

పదమూడు ఒకట్లు మాకు అయిదు నిమిషాల్లో విరిగాయి, యాభై మూడుతో. పదిహేడు ఒకట్లు మాత్రం లొంగలేదు. డ్యూటీ దిగాక ఆమె రోజూ రెండో మూడో చేసుకునేది, ముప్పై నాలుగులు కూడుతూ. ఫోనులో నొక్కితే క్షణంలో వస్తుందని ఒకసారి చెప్పబోతే, "నోర్మూయ్" అంది. పోయిన ఏడు ఆమె చనిపోయినప్పుడు, కోడలు నాకో నోటుబుక్కుల కట్ట ఇచ్చింది. "అత్తమ్మ మీకే ఇయ్యమన్నది" అంది. పేజీ పేజీకీ ఆమె గుండ్రటి అంకెలు. ప్రతి వందకూ ఒక గీత. ఒక్కటీ తప్పలేదు, నేను ఒకటి తీసేసి అన్నీ చూశాను. చివరి పేజీలో నాలుగు లక్షల ఇరవై ఎనిమిది వేల నాలుగు వందల ఒకటి. దాని కింద గీత. స్టేజి మూసే వెళ్ళింది.

పదిహేడు ఒకట్లు దేనితో విరుగుతాయో నేను ఇప్పటికీ వెతికి చూడలేదు. మీకు తెలిస్తే దయచేసి చెప్పకండి. మొన్న బస్సు దిగి బడికి వెళ్ళాక, మధ్యాహ్నం ఖాళీ పీరియడులో ఆ నోటుబుక్కు తెరిచాను. గీత కింద ముప్పై నాలుగు కూడాను. మొదటిది అయిదుతో పోయింది. రెండోది మూడుతో పోయింది. మూడోది 428503. పెన్ను మూత తీసి భాగించడం మొదలుపెట్టాను.